గోలీలు కాదు, కాళ్లు

సోమవారం

పొద్దున మెడికల్‌లో ఫిట్ అని రాశారు! గనిలో సెకండ్ షిఫ్టుకు వెళ్లి, టోపీ దీపం బ్యాటరీ మోసే క్యాప్‌ల్యాంపు బెల్టును రెండు బొక్కలు లోపలికి బిగించాను. బరువు తగ్గే గోలీలు అమ్మే మా షిఫ్టు రాజేశం అన్న వెంటనే అందుకున్నాడు: “చూసిన్రా, నా గోలీల పవర్!”

ఒళ్లు మండింది. అవి మింగిన మూడో రోజే గనిలో గుండె దడదడలాడి కూలబడ్డాను. అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపుతారని ఏడ్చాను. అప్పటినుంచి డ్యూటీ అయ్యాక మమ్మల్ని పైకి తెచ్చే కుర్చీ లిఫ్టు ఎక్కకుండా, గని ఏటవాలు దారంతా నడిచే పైకి వస్తున్నాను.

సంచిలోంచి గోలీల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. “మూడే మింగిన అన్నా. మిగతయి నువ్వే మింగు, నీ బొర్ర గూడ తగ్గుతది.”

అందరూ గొల్లున నవ్వారు. మొన్న తనకూ ఓ గోలీల డబ్బా కావాలన్న మా షిఫ్టు సారయ్య కాక మెల్లగా అన్నాడు: “రేపు నేను గూడ నీతోని నడుస్తనురా.”

కాక మోకాళ్లు ఆ ఎక్కుడును తట్టుకుంటాయో లేదో... ఆగుతూ ఆగుతూ నడిపిస్తాను.