రీలు లేని కెమెరా

నిజామాబాద్,
గురువారం.

అన్నకు, వదినకు, బాపుకు సుగుణ చేతులు జోడించి రాసేది. దేవుని దయతోని నేను మంచిగున్న. మీరందరు గూడ మంచిగున్నరని అనుకుంటున్న. బాపు మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? ఈ చలిల పొద్దుగాల్నే లేసి బయట తిరగద్దని చెప్పు. వదినకు దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సక్కగ పోతున్నరా?

ఫోన్ చేద్దమనుకున్న గని, మీకు ఫోనొచ్చేది కిరాణం దుకాణానికి. ఆడ పదిమంది నిలవడి వింటరు. ఇది ముందుగాల మీరు వినాల్సిన ముచ్చట. అన్న, ముందు నువ్వొక్కనివి సదువు. తర్వాత బాపును కూసోవెట్టి సదివి వినిపియ్యి. ఆదివారం గుడికి పొయ్యేలోపట వినిపియ్యాలె, మర్సిపోకు.

నా గురించి ఫికర్ చెయ్యకున్రి. కలర్ ల్యాబుల పని అలవాటైంది. మిషన్ల కెల్లి ఫోటోలు వస్తుంటయి, నేను, నా ఎంబడి పనిచేసే మేరీ వాటిని ఏరి, కోసి, కవర్లల్ల పెడ్తం. మిషన్ వేడి కావద్దని ఏసీ పెడ్తరు, నేను పొద్దంత స్వెటర్ ఏసుకోనే ఉంట. మార్కెట్ యార్డుకు పసుపు రావట్టింది, రూం దాక వాసనే. రూంల మేరీ నేను కలిసి వండుకుంటం. స్టవ్ మీద జొన్నరొట్టె సక్కగ కాలది, వదిన చేతి రొట్టె యాదికొస్తది. ఆదివారం చర్చి గుళ్ల పాట పాడంగ, ఆడోళ్ల దిక్కు ఎన్క వరసల అవ్వ గొంతు ఇనవడ్డట్టె అయితది. తిరిగి సూస్తే వేరేటోళ్లు ఉంటరు.

మనల కన్న అవ్వ ముచ్చటే రాస్తున్న అన్న.

అవ్వ పోయిన దినం నీకు యాదున్నది గద. ఇంట్ల అవ్వది ఒక్క బొమ్మ లేకుండె. రేషన్ కార్డు మీద ఉన్నది గూడ అరిగి, మొకమో మచ్చనో తెల్వకుండ అయ్యింది. ఒక్క ఫోటో ఉండాలెనని బాపు పట్టువట్టిండు. బోధన్‌కెల్లి ఫోటో రాజేందర్ మన మోస్రాకు వచ్చిందాక అవ్వను పండవెట్టిన పెట్టె మూత ఎయ్యనియ్యలే. గుడి అయ్యగారు ఎండల నిలవడి ఎదురుసూసిండు. వాడొచ్చి, పైసలు ముందుగాల్నే తీసుకోని, బాపును పెట్టె పక్కన కూసోవెట్టి, "ఇటు తిరుగు తాత, మొకం పైకెత్తు" అని నాలుగు దిక్కుల కెల్లి ఫ్లాష్ కొట్టిండు. బాపు కండ్లు తుడుసుకోని, ఏడుస్తున్నట్టు రావద్దని సక్కగ కూసున్నడు. రెండు వారాలు తిప్పి వాడేమన్నడు? రీలుకు ఎలుతురు తాకింది, అంత నల్లగ వచ్చిందన్నడు. బాపు వాన్ని తిట్టలే. "నేను ఏం పాపం చేసిన్నో, ఆమె మొకం నా ఇంట్ల ఉండుడు దేవునికి ఇష్టం లేదు" అన్నడు. నాలుగేండ్ల సంది గదే మాట మీద ఉన్నడు.

గా రాజేందర్ పెండ్లి రీళ్లు కడిగిపిచ్చెతందుకు వారం వారం మా ల్యాబుకు వస్తడు. నేను ఎన్క గదిల కూసుంట, నా మొకం వాడు ఎన్నడు సూడలే. దసరా అయినంక ఒకనాడు వచ్చి, ఇంకో ఫోటోగ్రాఫర్ తోని చాయ్ తాగుకుంట నవ్వుడు వెట్టిండు. "పల్లెల్ల సావులకు పోతే రీలెవడు కరాబ్ చేస్తడే? ఉత్త ఫ్లాష్ కొట్టుడే. ఏడ్చేటోళ్లకు ఏం ఎరుక? ఎన్కకెల్లి రీలు కాలిందని చెప్తే అయిపాయె. మోస్రాల ఒక ముసలాయన్ని గట్లనే గంటసేపు కూసోవెట్టిన" అన్నడు.

నా చేతిల కత్తెర ఉండె అన్న. అబద్ధం రాయను, కత్తెర దిక్కు సూసిన. కోసే ఫోటో వంకర పోయింది. లేసి పోయి కాలర్ పట్టి అడుగుదమనుకున్న. అడిగితే ఏమైతది? నవ్వి, నేననలే అంటడు. నలుగురి ముంగట వాని ఇజ్జత్ పోవాలె, ఏ పల్లెల ఫ్లాష్ కొట్టిండో గా పల్లెలన్నిట్ల పోవాలె అనుకున్న. నిప్పు మీద బూడిద కప్పినట్టు కోపాన్ని లోపట్నే పెట్టుకున్న.

మా మిషన్ నడిపే ఖలీల్ భాయ్‌కి ఒక్కనికే చెప్పిన. పెద్దమనిషి, ఇరవయ్యేండ్ల సంది ఇదే పని. విని మిషన్ బంద్ చేసిండు. తర్వాత "బేటీ, రీలు కెమెరా లోపట ఏమున్నదో ఎవ్వనికి కనవడది. వాని ధైర్యం గదే. నువ్వు కొట్టంగనే బొమ్మ కనవడే కెమెరా పట్టు. వాని గిరాకి నీ దిక్కు వస్తది" అన్నడు.

హైదరాబాద్ పోయి కొత్తది కొనే తాహతు నాకేడిది? కమ్మర్‌పల్లిల ఒకామె ఇంట్ల, పెనిమిటి దుబాయికెల్లి తెచ్చిన చిన్న డిజిటల్ కెమెరా ఊకెనే ఉన్నదని తెలిసింది. ఖలీల్ భాయ్ అన్నీ చెప్పి పంపిచ్చిండు. "మెగాపిక్సెల్ ఎక్కువున్నదని మురువకు. నువ్వు తీసేది పోస్టుకార్డంత ఫోటోలు, మూడుంటె సాలు. జూం రెండు తీర్లు ఉంటది. అద్దం ముంగటికి జరిగి దగ్గరికి తెచ్చేది అసలుది. లోపట్నే బొమ్మను సాగదీసేది ఉత్త మోసం, ఫోటో అలుక్కపోతది. పెన్సిల్ సెల్లుల తోని నడిచేదే తీస్కో, ఏ ఊర్లనన్న దొరుకుతయి. సెల్లుల మూత తీసి సూడు, పాత సెల్లులు కారి లోపట పొక్కి ఉంటె వద్దను" అన్నడు.

ఆర్మూర్ కాడ షేర్ ఆటో ఎక్కి పోయిన. గా అక్క బీరువల చీరెల కింద కెల్లి తీసి ఇచ్చింది. "ఆయన తెచ్చి ఇచ్చిండు గని ఏది ఒత్తాలెనో చెప్పకుండనే మళ్ల పోయిండు" అన్నది. సెల్లుల జాగ సాఫ్‌గనే ఉండె. తెల్ల గోడను తీసి సూసిన, ఒక మూలకు గింత మచ్చ పడ్డది, పోనీ అనుకున్న. నా ఎండి కడియాలు అమ్మి తీసుకున్న. తిట్టకు అన్న.

మొదలు మొదలు అన్నీ ఊగిపోయి వచ్చినయి. మీట ఒత్తినంక జరసేపు ఆగి తీస్తది, గంతల్నే మనిషి మొకం తిప్పుకుంటడు. సగం ఒత్తి పట్టి, తెర మీద పచ్చ డబ్బ వచ్చినంక పూరా ఒత్తాలెనని ఖలీల్ భాయ్ నేర్పిండు. మోచేతులు పక్కలకు ఆనిచ్చి, ఊపిరి బిగవట్టి తీయాలె. దగ్గరికెల్లి ఫ్లాష్ కొడితే మొకం సున్నం పూసినట్టు అయితది, తలుపు కాడి ఎలుతురుల తీస్తే మనిషి మనిషి లెక్క వస్తడు. దుకాణం సెల్లులు ఇరవై ఫోటోలకే సచ్చినయి, చార్జింగ్ పెట్టేటియి తెచ్చుకున్న. ఆదివారం ఆదివారం మేరీ తోని పల్లెలకు పోయి, బాప్తిస్మాలకు, పెండ్లి ప్రధానాలకు తీసిన. ఆడోళ్లు తెర మీద తమ మొకం సూసుకోని ఎంత మురిసిండ్రో! ఒక పెండ్లిల రాజేందర్ ఎదురైండు. "సబ్బు డబ్బ పట్టుకోని ఎవలీమె?" అని నవ్విండు. నవ్వనిచ్చిన.

పోయిన నెల మేరీ వాళ్ల తాత సచ్చిపోయిండు. వర్ని దిక్కు పల్లె. తొవ్వ పొడుగూత చెరుకు ట్రాక్టర్లే, మేం పొయ్యేసరికి పగటీల పన్నెండైంది. మేరీ చిన్నాయన అప్పటికే రాజేందర్‌ను పిలిపిచ్చిండు. నేను తాత ఫోటోలు నాలుగు తీసి, వాని పక్కకే పోయి నిలవడ్డ. వాని మొకం సూడలే, కెమెరా సూసిన. రీలు కెమెరాకు ఎడమ దిక్కు మీద, రీలును ఎన్కకు సుట్టే చిన్న గుండ్ర మొర ఉంటది, మర లెక్క. లోపట రీలుంటె, కుడి దిక్కు రీలు జరిపే పుల్ల గుంజినప్పుడల్ల గా మొర తిరుగుతది. ఇది గూడ ఖలీల్ భాయ్ సూపెట్టిందే. రాజేందర్ పదిసార్లు పుల్ల గుంజిండు, పదిసార్లు ఫ్లాష్ కొట్టిండు. మొర ఒక్కసారి తిరగలే.

తాత పెండ్లాం పెట్టె పక్కన కూసోని, కొంగు సదురుకోని, వాడు చెప్పిన దిక్కల్ల మొకం తిప్పుతున్నది. బాపు గుర్తొచ్చిండు.

"రాజేందరన్నా, కెమెరా తెరువు" అన్న.

"పాగల్ గాని అయినవా? తెరిస్తే రీలు కాలిపోతది."

"కాలిపోతే నీ కాళ్లు మొక్కి మాఫ్ అడుగుత. నేను తీసిన ఫోటోలు ఉన్నయి, వీళ్లకు నష్టం లేదు. తెరువు."

"ఈమెవరో నా పొట్ట కొట్టెతందుకు వచ్చింది" అని అందరి దిక్కు తిరిగి మొత్తుకున్నడు. గని కెమెరాను రెండు చేతుల తోని గట్టిగ పట్టుకున్నడు. అది మేరీ చిన్నాయన సూసిండు. "రీలుంటె ఎందుకు భయపడ్తున్నవు? తెరువు" అన్నడు. వాడు తెరవలే. చిన్నాయన వాని మెడల కెల్లి గుంజుకోని మూత తీసిండు.

లోపట ఖాళీ.

ముసలవ్వ ఒక్కతే అన్నది, "నా మొగని పీనుగ ముంగట గూడ అబద్ధమేనా బిడ్డా?" గామె తిట్టినా బాగుండు.

చిన్నాయన ఖాళీ కెమెరాను వాని చేతులనే పెట్టిండు. "కదలకు" అన్న నేను. వాడు తల ఎత్తిండు. సగం ఒత్తి పట్టిన. వాని మొకం మీద పచ్చ డబ్బ వచ్చిందాక ఆగిన. గప్పుడు నొక్కిన.

గా ఫోటో నలభై కాపీలు తీసిన. ఎన్క దిక్కు జరిగింది జరిగినట్టు రాసి, నేనూ మేరీ పల్లె పల్లెకు పంచినం. ఒకటి మా ల్యాబుల, ఫోటోగ్రాఫర్లు చాయ్ తాగే కాడ గోడకు అంటువెట్టిన. "మాకు గూడ రీలు కాలిందనే చెప్పిండు" అని ఎక్కడెక్కడోళ్లో వచ్చిండ్రు. వాని పెండ్లి గిరాకి పోయింది. మూడు వారాల సంది బోధన్ల వాని స్టూడియో షట్టర్ లేవలేదట. ఖలీల్ భాయ్ "సాలు బేటీ, ఇగ తీసెయ్యి" అన్నడు. ఆయన మాట ఎన్నడు కాదనని నేను గిప్పుడు కాదన్న.

సోమవారం వాడు పెండ్లాంను తోలుకోని వచ్చిండు. ఆమె నా చేతులు పట్టుకోని ఏడ్చింది. ఆమెను సూస్తే పాపమనిపిచ్చింది, దాచను. వాన్ని సూస్తే ఏమనిపియ్యలే. "ఏం చేస్తే గోడ మీదిది తీస్తవు చెల్లె?" అన్నడు. అవ్వ పేరు చెప్పిన. మోస్రా అన్న. నాలుగేండ్ల కింద అన్న. వాడు కండ్లు మూసుకోని యాది తెచ్చుకుందమని సూసిండు. మోస్రా ముసలాయన యాదికొచ్చిండు గని, అవ్వ యాదికి రాలే అన్న! గంత మందిని మోసం చేసిండు.

"ఆదివారం గుడి అయినంక మోస్రా పో. మా బాపు ముంగట నిలవడి, రీలు లేకుండె తాత అని నీ నోటి తోని చెప్పు. నువ్వు చెప్పినవని మా అన్న కెల్లి ఉత్తరం రావాలె. గప్పుడు తీస్త" అన్న. ఒప్పుకున్నడు.

గందుకే తొందరవెడ్తున్న. ముందు తెల్వకుండ ఒక్కసారే వింటే బాపు పాణం తట్టుకోది. నువ్వే చెప్పు. అది దేవుని చిత్తం కాదని, బాపు ఏ పాపం చెయ్యలేదని, బోధన్ల ఒక దొంగ రీలు మిగుల్చుకున్నడని చెప్పు. నేను రాను. వస్తే చెయ్యి ఊకుండది. వాని మీద చెయ్యి మాత్రం ఎత్తకున్రి, వాడు మాట్లాడేటట్టు ఉండాలె. గుర్తువట్టెతందుకు వాని ఫోటో ఇందుల పెడ్తున్న. వాని మొకం నలభై సార్లు అచ్చేసిన, అవ్వది ఒక్కటి లేదు. గందుకే నాకింక సల్లగ కాలేదు అన్న.

వదిన, రోట్ల దంచిన కారం జర పంపియ్యి, ఈడి కారంకు రుచే లేదు. పిల్లలకు ముద్దులు. అయ్యగారికి, అమ్మగారికి, మన వాడకట్టు పెద్దలందరికి నా వందనాలు చెప్పున్రి. బాపు, నా నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు అనుకోని దీవియ్యి. నేను చేసింది తప్పయితే గది గూడ రాపియ్యి, వింట. అన్న, వాడు చెప్తున్నప్పుడు బాపు మొకం ఎట్లున్నదో నువ్వు సూసి నాకు రాయాలె.

ఆదివారం కోసం ఎదురుసూసే
మీ చెల్లె,
సుగుణ.

వాడు వస్తే కుర్చీ ఎయ్యకున్రి. నిలవడే చెప్పాలె.