మేకుకు వేలాడే రొట్టె

నేను సొలియాఖాన్‌ని. వయసు డెబ్బై ఎనిమిది. మార్గిలాన్‌లో పట్టు మగ్గాల వీధి చివరి ఇంట్లో నేనూ, కోడలు హఫీజా, రెండు మేకలూ ఉంటాం. నాకు రాయడం రాదు. పక్కింటి నిగోరా చేత రాయిస్తున్నాను.

తమ్ముడు మిర్‌అజీజ్‌కి అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయించాలి కనుక రాయించాను. నిజం కింద ఉంది.

"నా కొత్త నవల ఎలా ఉందక్కా?" అని అడిగావు. నిగోరా చదివి వినిపించింది. నీ పాత గూఢచారి కథలు వింటుంటే పొయ్యి మీద పులావు మాడిపోయేది. ఈసారి పులావు చక్కగా కుదిరింది. అందులోని ఉగ్రవాదులంతా తాష్కెంట్‌లో నీ రాతబల్ల ముందే పుట్టి పెరిగినట్టున్నారు. పుస్తకం మొత్తంలో ప్రాణమున్నది రొట్టె వేలాడే మన ఇంటి గోడ ఒక్కటే. అదే మా పీక మీదికొచ్చింది.

మన ఆచారం ప్రకారం ఊరు విడిచేవాడు రొట్టె ఒక ముక్క కొరికి వెళతాడు. మిగిలింది మేకుకు వేలాడదీసి, తిరిగొచ్చాక వాడిచేతే తినిపిస్తాం. అది బాంబులవాళ్ళ గుర్తని రాశావు నువ్వు. వీధి పేరుతో సహా!

నన్ను పిన్ని వరసతో ఖాలా అని పిలిచే వీధి పోలీసు అల్లాయార్ నీ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఖాలా, ఈ రొట్టె ఎవరిది?"

"తినేవాడిది."

"వేళాకోళం వద్దు. పైవాళ్ళు కూడా చదివారు. కొరికినవాడి పేరు కావాలి."

"కథరా అది, నాయనా! మీ ఇంట్లో లేదూ, నీ తమ్ముడు సైన్యానికి పోతూ కొరికింది?"

వాడు తల దించుకున్నాడు. "ఉండేది ఖాలా. మొన్ననే దింపించాను."

అప్పటినుంచి మేం గుమ్మం దాటకూడదని పోలీసుల ఆజ్ఞ. వీధంతా రొట్టెలు దించేసింది. నేను దించలేదు. అది మనవడు ఉమిద్‌ది. రష్యాలో ఇళ్ళు కడుతున్నాడు, చలికాలానికి వస్తాడు. పేరు చెబితే వాణ్ణి సరిహద్దులోనే పట్టుకుంటారు. చెప్పకపోతే మమ్మల్ని వదలరు.

అందుకని నిన్ను అడక్కుండా ఒక పని చేశాను. ఆ రొట్టె నీదని చెప్పాను. అల్లాయార్ రాసుకుని, "అయితే ఆయన్నే వచ్చి ఒప్పుకోమను" అన్నాడు.

ఈ ఉత్తరం నిగోరా మొగుడు నీ చేతికే ఇస్తాడు. చదివి పొయ్యిలో వేసి బయలుదేరు. ఇన్నాళ్ళూ అబద్ధాలు రాసి బతికావు, ఈ ఒక్కటీ నోటితో చెప్పు. "తిరిగొచ్చావు కదా, తిను" అంటాడు అల్లాయార్. పళ్ళు లేవని చెప్పు. ముట్టుకోకు. అది పిల్లాడిది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క
సొలియాఖాన్ వేలిముద్ర

సాక్షులు: కోడలు హఫీజా, రాసిన నిగోరా