నా భార్య వెన్నుకు మెత్తని సిమెంటు పోయించుట గురించి

పెద్దాసుపత్రి, కొత్త ఎముక సిమెంటు పరీక్షల సంఘం అధ్యక్షుల వారికి,
పెచ్చబురి ఊరి గార మేస్త్రీ ప్లియన్ వ్రాసుకొన్నది.

అయ్యా,

తాపీ పట్టిన చెయ్యి, కలానికి లొంగదు. చదువు బౌద్ధ విహారం బడిలో నాలుగో తరగతి. వంకర అక్షరాలకూ తప్పులకూ ముందే మన్నింపు కోరుచున్నాను.

విషయం: నా భార్య సమ్రువై (71) పేరు పరీక్షల జాబితా నుండి కొట్టివేయుట గురించి.

1. తాటిబెల్లం బాణలి దించుచుండగా ఆమె వెన్నులో ఒక పూస నలిగినది. తమ ఆసుపత్రిలో సూదితో సిమెంటు పోసిరి. మరునాడే నడిచినది. దణ్ణం పెట్టి వచ్చితిమి.

2. నాలుగు నెలలకు దాని పై పూస విరిగినది. మళ్లీ పోసిరి. ఇప్పుడు ఆ పైది విరిగినది. సిమెంటు పోసినవి మాత్రం రాళ్లవలె ఉన్నవి.

3. ఇది నేనెరిగిన జబ్బే. మా విహారంలో పాత స్తూపం పగిలితే, వద్దన్నా వినక కమిటీవారు బస్తా సిమెంటు కొట్టించిరి. సిమెంటు నిలిచినది, పక్క ఇటుకలు పిండి అయినవి. పాత గోడకు దానిపాటి మెత్తని డంగుసున్నమే పడవలెను. ఈ మాట తమ ఆసుపత్రి డాక్టరమ్మ ఒరవన్‌తో జంకుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆరేళ్లుగా మా కుస్తీ అంతా దానికే తాతా. ఎముకంత గట్టిగానే ఉండాలి, మించకూడదు. సూదిలో గడ్డకట్టకూడదు, పక్కకి కారకూడదు," అన్నది. అటువంటిది తయారైనదని, ఇరవైమందికి పోసి చూస్తారని చెప్పి, నా భార్య పేరు వ్రాసుకొన్నది.

4. పాత సిమెంటు పడినవారు అనర్హులని తమ సంఘం ఆ పేరు కొట్టివేసినది. పాతదానివల్ల విరిగినవారికి కాకపోతే కొత్తది ఎవరికి చేసిరో నాకు బోధపడలేదు. మూడుసార్లు వచ్చితిని. కిటికీ దగ్గరి అమ్మాయి, "నియమం తాతా. మీ అవ్వని కలిపితే పరీక్ష ఫలితం తేలదట," అన్నది.

5. ఆమె పడుకొనే తినుచున్నది. గంజి ముక్కులోకి పోతోంది. కూర్చోబెట్టమని తప్ప ఇంకేమీ అడగదు. యాభై ఏళ్లు విరిగిన దేవతాబొమ్మలు అతికినాను, ఈమెను కూర్చోబెట్టలేకున్నాను.

కావున ఫలితంలో కలపకపోయినా సరే, ఇరవై ఒకటో మనిషిగా విడిగా పోయించగలందులకు ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్లియన్

మరొక మాట: ఇది ఆమెకు చదివి వినిపించితిని. "డాక్టర్లకి సున్నం పాఠం చెప్తావా? నన్ను కూర్చోనీ, నీ పని చెప్తా. పడుకుని తిట్టాలంటే ఊపిరి చాలట్లేదు," అన్నది. యాభై ఏళ్లు తిట్లు తిన్నవాడిని. ఇంట్లో ఈ నిశ్శబ్దం నాకు పడడం లేదు. నాలుగో పూస విరగకముందే జవాబు వ్రాయండి.