పాత పేరుతోనే పిలవాలి

ఖానాపురం హవేలి, ఖమ్మం
జులై 1998

ప్రెస్సు దామోదర్ గారికి,

టీవీ మెకానిక్ నమస్కారం. మీరు లారీలో వేసి పంపిన పాత కంప్యూటర్లలో సగం బతికాయండీ. ఒకదాని పవర్ సప్లై ఇంకోదానికి బిగించి, ఎలుకలు కొరికిన వైర్లు మార్చాను. మొదటి తెర వెలగగానే పక్క టీ కొట్టువాళ్లు కూడా లోపలికొచ్చి నిలబడ్డారు. చర్ల నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో చదివే ఆడపిల్లలు కాలేజీ అయ్యాక నా షాపు వదలడం లేదు.

మీ టేబుల్ మీద ఉండేదన్నారే, అది మాత్రం వెలిగి, పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతోంది. మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించొచ్చు గాని, అందులోని తెలుగు టైపింగ్ ప్రోగ్రాం కూడా పోతుంది. పిల్లలు నేర్చుకోవాల్సింది అదే.

నేను తోచిన మాటలన్నీ కొట్టి చూస్తుంటే కన్నమ్మ అనే పిల్ల నవ్వింది.

"సంతల కొన్న ఎద్దును మనకు నచ్చిన పేరుతోని పిలిస్తే కదలదు సార్. అమ్మినోళ్లు ఏమని పిలిచేటోళ్లో అడుగుండ్రి" అన్నది.

అందుకే ఆ పాస్‌వర్డ్ ఏమిటో మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ మాట మీ ఇంట్లోవాళ్ల పేరైతే, పరాయి పిల్లలకు ఎట్లా చెప్పాలని మొహమాటపడతారేమో. తెరుచుకున్నాక వేరే మాట పెట్టేద్దామని నేనే అన్నాను. కన్నమ్మ ఒప్పుకోలేదు.

"మంచిగ పనిచేసే ఎద్దుకు ఎవరన్న పేరు మారుస్తరా సార్?" అని నన్నే అడిగింది.

కాబట్టి మార్చం. రోజూ ఈ పిల్లలు మీరు పెట్టిన పేరుతోనే దాన్ని నిద్ర లేపుతారు.