తమ్ముడికి దఖలు: ముందు గది, అడిగే హక్కు

మైకు సెట్లు, కుర్చీలు, టెంట్లు అద్దెకిచ్చే కొట్టు యజమానురాలిని, కాలం చేసిన మైకు మాస్టారి భార్యను, ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ మైకక్క అని పిలిచేదాన్ని అయిన నేను, పూర్తి తెలివితో, ఒకరి బలవంతమూ మరొకరి బుజ్జగింపూ లేకుండా, నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఎవరికి ఎలా చెందవలెనో నిర్ణయించి వ్రాయించుకున్న వీలునామా ఇది. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా వ్రాయలేదు. బతికి బయటపడితే దీన్ని మార్చుకునే, చింపేసుకునే హక్కు నాకు కలదు.

నా బుద్ధి స్థిరంగానే ఉన్నదని డాక్టరుగారు వేరే కాగితం ఇచ్చారు. గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదట, గురువారం ఆపరేషను. నా నోరు మూసుకోకపోవడం ఇన్నేళ్ళుగా చూస్తున్న మా ఇంటివాళ్ళకు ఇదేమీ వింతగా తోచలేదు.

ఆ వచ్చే ఆదివారం మా మైదానంలో దేశాన్నేలే పెద్దాయన సభ ఉంది. మైకులు మావే. బుక్ చేయడానికి వచ్చిన ఆ పార్టీ మనిషి బల్ల మీద అడ్వాన్సు పెట్టి, “అక్కా, మీ తమ్ముడుగారు కూడా ఆ రోజే మా పార్టీలో చేరుతున్నారు. ఆయన ముందర మంచి మైకు పెట్టించండి” అన్నాడు. నా తమ్ముడు ఈ ఊళ్ళో ప్రతిపక్షానికి అధ్యక్షుడు. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు. అప్పుడు పక్క గదిలోనే ఉన్నాడు, వాడి దగ్గు వినపడుతూనే ఉంది. నేనూ అడగలేదు. ఈ కాగితం ఇంత హడావుడిగా వ్రాయించడానికి గుండె ఒక్కటే కారణం కాదు.

1. మైకు కొట్టును, అందులోని యాంప్లిఫయర్లు, బాక్సులు, హారన్లు, వైర్లు, కుర్చీలు, టెంట్లతో సహా నా ఏకైక కుమార్తెకు, అల్లుడికి చెరిసగంగా దఖలు పరుస్తున్నాను. అల్లుడుగారు పనిమంతులు. ఆయన చెయ్యి పడ్డాకే కొట్టు నిలదొక్కుకున్నది. ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఫోను మోగితే పెద్దాయన ఉపన్యాసం వస్తుంది. భోజనం మధ్యలో ఆ గొంతు వినపడి నాకు ఎన్నిసార్లు పొలమారిందో అమ్మాయిని అడగండి.

అల్లుడుగారూ, మీరు పెద్దాయనను ఎదురుగా నిలబడి చూశారు, నేను స్టేజీ వెనక కూర్చుని చూశాను. మాట ధాటిగా ఉంటుంది, కాదనను. కానీ జనంలోంచి ఎవరైనా “ధరల సంగతేంటి సారూ” అని కేక వేస్తే, వెంటనే పాట వేయమని ఆయన మనుషులు నాకు సైగ చేస్తారు. నేను చెవిటిదానిలా తల వంచుకుని వైర్లు సర్దుకునేదాన్ని. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికి ఒక్క కేక అంటే అంత భయమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీరు మంచివారు. మీకు అర్థమైన రోజున అమ్మాయికి చెప్పండి.

2. ఇంటి వెనక భాగము, మేడ, నా గాజుల జత, కుట్టు మిషను నా కుమార్తెకు దఖలు. అమ్మడూ, గాజులు దాచకు, వేసుకో. నా చేతులకు ఎన్నాళ్ళున్నాయో అన్నాళ్ళూ అవి పని చేశాయి, బీరువాలో పెడితే వాటికి ఊపిరాడదు. ఇంకొకటి. పోయిన ఎన్నికల్లో నువ్వు ఓటు వేయలేదు. “ఎవరొస్తే ఏంటమ్మా, అందరూ ఆ తానులో ముక్కలే” అని దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావు. నీ కోపంలో తప్పు లేదు. అయినా ఈసారి వెళ్ళు తల్లీ. నాకోసం అని అడుగుతున్నాను, ఇది ఆస్తికి షరతు కాదు.

3. పాత వ్యాను, పొడుగు నిచ్చెన, ఇత్తడి హారన్లు రెండూ మా మేస్త్రీకి దఖలు. స్తంభాలెక్కి హారన్లు కట్టడంలో అతని ఒడుపు మరొకరికి రాదు. బుర్ర కూడా చురుకే. ఒకసారి ప్రతిపక్షాలు అయిదూ ఏకమైపోయాయని చెప్పి రాజధానినుంచి అయిదుగురు పెద్దలు వచ్చారు. మధ్య కుర్చీ ఎవరిదన్న దగ్గర తగువు పడింది. జనం ఎండలో మాడుతున్నారు. చూసి చూసి మేస్త్రీ కుర్చీలన్నీ గుండ్రంగా వేసేసి, “ఇప్పుడు అందరూ మధ్యే అనుకోండి బాబూ” అన్నాడు. అంతే, జనానికి వీపు పెట్టి ఎవరు కూర్చోవాలని మళ్ళీ మొదలు! సభ మొదలయ్యేసరికి వినడానికి మేమిద్దరం, ఒక ఐస్‌క్రీం బండివాడు మిగిలాము. ఆ రోజు నేను నవ్వాను గానీ, ఇంటికొచ్చాక కడుపు మండిపోయింది. ఏలేవాళ్ళు వినరు, అడగవలసినవాళ్ళు కుర్చీల కోసం కొట్టుకుంటారు. మధ్యలో మనలాంటివాళ్ళ గతి ఏమిటి మేస్త్రీ? వ్యానుకు బ్రేకు బాగు చేయించుకో, మరిచిపోకు.

4. నా టేకు అలమారా, మంచం, పరుపు నా మరదలికి, అనగా తమ్ముడి భార్యకు దఖలు. మొగుడు అయిదుసార్లు ఎన్నికల్లో నిలబడి అయిదుసార్లూ ఓడితే, అయిదుసార్లూ ఆ సాయంత్రం వాడికి ఇష్టమైనది వండి పెట్టిన మనిషి. నాకైతే అంత ఓపిక ఉండేది కాదు, గరిటె తిరగేసేదాన్ని. పెళ్ళయిన కొత్తలో నా మీద నువ్వు మీ అమ్మతో చెప్పిన మాట నాకు చేరింది మరదలా, ఇన్నాళ్ళూ తెలియనట్టు ఉన్నాను. అలమారా నీకే. మీదుమిక్కిలి లోపలి అరలో ఉన్న పట్టుచీర కూడా నీదే.

5. పొడుగు వైరున్న పాత మైకు, స్టాండు ఎవరికీ దఖలు కావు. మా ఆయన ఉన్నంతకాలం ప్రతి సభకూ స్టేజీ కింద, జనం మధ్యలో, ఆ మైకు పెట్టేవారు. అడగదలచినవాళ్ళు వచ్చి అడిగేవారు. రానురాను పెద్దాయన పార్టీవాళ్ళు అది వద్దన్నారు. ప్రతిపక్షం వాళ్ళు తీసుకుంటారనుకున్నాను, వాళ్ళూ వద్దన్నారు! అందుచేత జనాన్ని అడగనిచ్చే సభ ఎవరు పెట్టినా, ఏ పార్టీ అయినా, ఏ సంఘమైనా, ఆ మైకును కొట్టువాళ్ళు అద్దె లేకుండా ఇవ్వవలెను.

6. మా ఇంటి ముందు గది. హద్దులు: తూర్పున వీధి, పడమట నా వంటిల్లు, ఉత్తరాన మైకు కొట్టు, దక్షిణాన పక్కింటివాళ్ళతో ఇంకా తేలని గోడ. ఈ గదిని, అందులోని బల్ల, బెంచీలు, ఫ్యానుతో సహా నా తమ్ముడికి దానవిక్రయాది సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను.

ఒరేయ్ తమ్ముడూ. (‘ఒరేయ్’ వీలునామాలో వద్దని లాయరుగారు అన్నారు. ఉంచమన్నాను.) ఇన్నేళ్ళూ ఆ గదే నీ పార్టీ ఆఫీసు. ఒకప్పుడు చెప్పులు గుమ్మం దాటి వీధిలోకి ఉండేవి, నేను టీ పెట్టలేక చచ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు, నీ పేపరు, బెంచీ మీద పడుకునే పిల్లి. నీ పైవాళ్ళు ఒక్కొక్కరే గోడ దూకారు. రాజధానిలో ఉన్న మీ నాయకుడికి నువ్వు ఫోను చేయడం, అవతల ఎవరో “సార్ మీటింగులో ఉన్నారు” అనడం, వంటింట్లోంచి నాకు వినపడుతూనే ఉండేది. అంత మీటింగు ఏమిటో! చట్టసభలో గట్టిగా నిలదీయవలసిన రోజున లేచి బయటికి వచ్చేస్తారు, గుమ్మంలో వరసగా నిలబడి ఫొటో దిగుతారు. వాళ్ళను నమ్ముకుని నువ్వు ముసలివాడివైపోయావు.

అందుకని నీ మీద నాకు కోపం లేదు. నిన్ను ఇలా ఒంటరివాణ్ణి చేసినవాళ్ళ మీద ఉంది, బోలెడంత. అటు చేరితే వార్డులో పనులవుతాయని నీకు ఆశ పెట్టి ఉంటారు. నీకు డబ్బు ఆశ లేదని నాకు తెలుసు, ఉంటే ఆ చొక్కా కాలరు ఎప్పుడో మార్చేవాడివి.

కానీ ఒక్కటి గుర్తు చేస్తాను. మన వెనక మూడు సందుల్లో కుళాయిలో మురుగునీళ్ళు కలిశాయి, పిల్లలకు వాంతులు. అప్పుడే నువ్వు ఓడిపోయి ఉన్నావు, నాలుగోసారో అయిదోసారో. ఆ పసుపు నీళ్ళు సీసాలో పట్టుకుని ఇంజనీరు బల్ల మీద పెట్టి, “ఇవి మీరు తాగండి, నేను ఇంటికి వెళ్ళిపోతాను” అని కూర్చున్నావు. తిట్టారు, బతిమాలారు, లైట్లు తీసేశారు. పైపు మార్చేదాకా కదల్లేదు. గెలిచినవాడు ఆ వారమంతా పెద్దాయన దర్శనానికి రాజధానిలో ఉన్నాడు. ఓడినవాడివి నువ్వు నీళ్ళు తెచ్చావురా. నిన్ను కన్నది అమ్మ గానీ, ఆ రోజు పొంగిపోయింది నేను.

ఈ గదికి షరతు ఒకటి పెట్టమని లాయరుగారు సలహా ఇచ్చారు: పార్టీ మారితే గది చెల్లదు అని. వద్దన్నాను. ఆశ చూపి వాళ్ళు నిన్ను అటు లాగుతున్నారు, గది చూపి నేను ఇటు లాగితే నాకూ వాళ్ళకూ తేడా ఏముంది? కాబట్టి నువ్వు ఏ జెండా కట్టినా గది నీదే. అద్దెకిచ్చుకో, అమ్ముకో, పిల్లికి రాసెయ్యి.

7. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత, తాళాలతో సహా, అల్లుడుగారిది. ఆయన చురుకైన మనిషి, పని నానబెట్టరు. అయితే ఆయన తీసుకునే ప్రతి నిర్ణయానికీ అభ్యంతరం చెప్పే హక్కు నా తమ్ముడికి ఇస్తున్నాను. ఎందుకు, ఏమిటి, ఎంతైంది అని తమ్ముడు అడగవలెను. అల్లుడుగారు ముఖాముఖి కూర్చుని జవాబు చెప్పవలెను. ఫోనులో చెప్పానంటే కుదరదు, “నన్ను నమ్మండి” అంటే అసలే కుదరదు. తమ్ముడు అలిగి గదిలోంచి లేచిపోవడం, బయట నిలబడి ఫొటో దిగడం కూడా నిషిద్ధం. కూర్చుని అడగవలెను. కోడిగుడ్డుకు ఈకలు పీకుతాడని వాణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ ఏడిపించారు. పీకనివ్వండి. నా కొంపలో పెత్తనం ఒకరి చేతిలో పెట్టి పోతున్నప్పుడు, అడిగేవాడు ఒకడు ఉన్నాడంటేనే నాకు కళ్ళు మూతపడతాయి. ఆదివారం తరవాత బయట మీరిద్దరూ ఒకే పార్టీవాళ్ళు అయిపోయినా సరే, ఈ ఇంట్లో మాత్రం ఒకరు చేసేవారు, ఒకరు అడిగేవారు. ఇందులో రాజీ లేదు.

8. నేను పోతే సంతాపసభ పెట్టవద్దు. ఏ పార్టీవాళ్ళు వచ్చినా కుర్చీ వేసి టీ ఇవ్వండి, మైకు మాత్రం ఇవ్వకండి. వాళ్ళు నా గురించి మొదలుపెట్టి తమ గురించి ముగిస్తారు.

పోకపోతే, ఆదివారానికి నన్ను ఆసుపత్రిలో మామూలు గదిలోకి మారుస్తారట. దాని కిటికీ మైదానం వైపే. తమ్ముడూ, నీ మొదటి సభలో మీ బావ మైకు నీ ఎత్తుకు వంచి పెట్టి, ‘భయపడకు, మీ అక్క ఇక్కడే ఉంది’ అన్నారు. అప్పటినుంచీ నీ గొంతు ఆఖరి వరస దాకా వినపడాలన్న ఒకే ధ్యాసతో యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్నాను. ఈ ఆదివారం మాత్రం, దేవుడా వాడి గొంతు వినపడకూడదు అనుకుంటూ ఆ కిటికీ పక్కన పడుకుంటాను. వినపడిందా, ఏడుస్తాను, నర్సులు ఏమనుకున్నా సరే. ఏడవడం అయ్యాక మేస్త్రీకి ఫోను చేసి, సౌండు కాస్త పెంచు, వాడి గొంతు మొదటినుంచీ సన్నం అని చెబుతాను.

ఇది నేను చెప్పగా లాయరుగారు వ్రాసి, తిరిగి నాకు చదివి వినిపించగా, అక్షరం మార్చవద్దని చెప్పి చేసిన సంతకం.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం

(సంతకం) మైకక్క

సాక్షులు:
1. ఎదురు కొట్టు టైలరు
2. మూలమీది మందుల షాపతను