జంట సైకిలు వెనక సీటు

హాస్టల్ గది,
మంగళవారం సాయంత్రం, మార్చి 11.

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం, ఒక మోకాలు తప్ప. అక్కడ నువ్వూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న అమ్మా క్షేమమని తలుస్తాను. అమ్మా, మోకాలి సంగతి కింద రాశాను. మధ్యలో ఆపేసి ఫోను తీయకు.

ఫోనులోనే చెప్పొచ్చు. కానీ సైకిలు అన్న మాట నా నోట్లోంచి సగం రాగానే నువ్వు సరేలే, బాగా చదువుకో అని పెట్టేస్తావు. ఉత్తరమైతే అమ్మ చివరిదాకా చదువుతుంది. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తున్నాను. వచ్చే నెల రెండో శనివారం నువ్వు నాతో రావాలి. కళ్లు పోయిన ఈ రెండేళ్లలో ఆసుపత్రికి తప్ప నువ్వు గేటు దాటలేదు. ఈసారి దాటాలి, అదీ సైకిలు మీద.

కోప్పడకు. ముందు విను.

మొన్న శని, ఆదివారాలు నేను ఆడవాళ్ల సైకిలు శిబిరానికి వెళ్లాను. పందెం కాదు, బరువు తగ్గే పథకమూ కాదు. సెలవు కాబట్టి ఖాళీగా ఉన్న ఒక బడిలో పడుకోవడం, పొద్దున్నే లేచి నది పక్క దారిలో తొక్కడం, అలిసిపోతే దిగి గడ్డిలో వెల్లకిలా పడి మబ్బులు చూడటం. అంతే. నడిపేది ఒక మెకానిక్ అక్క. గోళ్లలో ఎప్పుడూ గ్రీజు, మాటలో ఎప్పుడూ నవ్వు. ఆమె పెట్టిన నియమం ఒకటే: అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లు అందరికంటే ముందు వెళ్లాలి, వాళ్లను ఎవరూ దాటకూడదు. అలా మా ముందు సాగింది ఒక కుట్టుపని ఆవిడ. కాళ్లు కదలవు, చేతులతో తిప్పే మూడు చక్రాల బండి. ఆవిడ వెనక పదిహేను మందిమి మహారాణి పరివారంలా కదిలాం. ఆవిడ వెనక్కి తిరిగి, ఏమ్మా, కాళ్లున్నవాళ్ల వేగం కూడా ఇంతేనా అని ఎగతాళి చేసింది.

ఇంకో ఆవిడకు బేకరీ ఉంది. నిరుటిదాకా లోకం ఆమెను మగవాడనే అనుకుంది. ఇక్కడ అందరూ అక్కా అని పిలిచారు. పిలిచినప్పుడల్లా వినబడనట్టు నటించేది, రెండోసారి కూడా పిలిపించుకోవడానికి.

ఇక నా సంగతి. నాకు జంట సైకిలు ఇచ్చారు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, రెంటినీ కలిపే గొలుసు. ముందున్న మనిషి చూస్తుంది, తిప్పుతుంది, ఆపుతుంది. వెనకున్న మనిషి తొక్కుతుంది. నా వెనక కూర్చున్నావిడకు పుట్టుకతోనే చూపు లేదు. ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిందట. ఎవరు పలకరించినా హలో అంటుంది కాబట్టి హలో పెద్దమ్మ అయిపోయింది. మెకానిక్ అక్క నాకు మూడు మాటలు నేర్పింది: గతుకు, మలుపు, ఆపుతున్నా. అవి రెండు క్షణాలు ముందే చెప్పాలి. మిగతా దారంతా కనిపించేది చెబుతూ పోవాలి.

ఈ పనికి నాకంటే తగినవాళ్లెవరు అనుకున్నాను. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టిందని నీకు తెలుసుగా. పొద్దున పొగమంచును దూదిపింజలన్నాను. నదిని నిద్రలో ఒత్తిగిల్లుతున్న మనిషి అన్నాను. పెద్దమ్మ ఊ కొడుతూ తొక్కింది. మధ్యాహ్నానికి నది మమ్మల్ని విడిచి ఎటో పోయింది. రెండు వైపులా రేకుల గోదాములు, మధ్యలో బూడిద రంగు దారి. పాపం, ఆవిడకు ఇదేం చెబుతాం అనిపించింది. ఎడమ పక్క చెరువు ఉందన్నాను. అందులో తెల్ల కొంగలను దించాను. ఒక్కో కొంగ లేస్తుంటే నీళ్లు ఎలా ముడతలు పడుతున్నాయో కూడా చెప్పాను.

పెద్దమ్మ ఊ కొట్టడం ఆపి, ఎడమ నుంచి సెగ కొడుతోందే, చెరువుకు జ్వరమా తల్లీ అంది.

నేను తడబడ్డాను. ఎదురుగా స్పీడుబ్రేకరు ఉంది. గతుకు అన్న ఒక్క మాట నోట్లోంచి రాలేదు. ఇద్దరం పక్కనున్న ఇసుకలో పడ్డాం. మోకాలి దెబ్బ అక్కడిది, అమ్మా. పెద్దమ్మకు ఏమీ కాలేదు.

ఏడుస్తూ క్షమించమన్నాను. ఆవిడ ఒళ్లు దులుపుకుని, పడేసినందుకు కాదే కోపం, పడటం నాకు కొత్తా అంది. గోదాములు మాత్రం నేనెప్పుడు చూశాను, వాటినెందుకు దాచావు అంది. చెరువు దగ్గరికి నువ్వొక్కదానివే వెళ్లిపోయావు, నన్ను ఇక్కడ వదిలేసి, అంది.

ఆదివారం మెకానిక్ అక్క ఇంకెవరినైనా ముందు కూర్చోబెడతానంటే, వద్దు, ఈ పిల్ల ఒకసారి పడేసింది, ఇక ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది అందట. మళ్లీ నా వెనకే ఎక్కింది. నేను ఉన్నవే చెప్పాను. తుప్పు పట్టిన రేకు. తలుపు మీద సున్నంతో రాసిన ఏడు అంకె. లారీ నీడలో నిద్రపోతున్న కుక్క. దారి మధ్యలో ఒంటరి చెప్పు. ఏ కాలిది అని అడిగింది పెద్దమ్మ. కుడిదన్నాను. అయితే ఆ మనిషి ఎడమ చెప్పుతో ఏం చేస్తూ ఉంటాడో అంది. చాలా దూరం అదే నవ్వు. అక్కా, ఎంత చిత్రమో, ఉన్నవి ఉన్నట్టు చెబుతూ ఉంటే అవే కలలో వస్తువుల్లా ఒక్కొక్కటీ వెలుగుతూ వచ్చాయి.

వంతెన తర్వాత పెద్ద పల్లం. దిగుతున్నాం అన్నాను. ఆవిడ కాళ్లు తొక్కడం ఆపాయని నా కాళ్లకు తెలిసింది. పక్కన పరుగెత్తే మా నీడలో ఆవిడ రెండు చేతులూ గాలిలోకి లేచాయి. అందరూ అరుస్తున్నారు, ఎందుకో ఎవరికీ తెలియదు. చక్రాల కింద నేల ఉందన్న సంగతే మరిచిపోయాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాకు సైకిలు నేర్పుతూ, పట్టుకున్నానని అరుస్తూ నా వెనకాల పరుగెత్తిన నువ్వు.

జాబితాలో నీ పేరు పెన్సిల్‌తో రాయించాను. నెలాఖరులోగా ఖాయం చెయ్యాలి. రానంటే చెరిపేస్తాను. అలగను. కొంచెం అలుగుతాను.

ఇట్లు,
నీ మాటల పిచ్చి చెల్లెలు.

తా.క. అమ్మా, ఇది కూడా చదువు. అక్క ముఖం చూసి మధ్యలో మింగేయకు.

అక్కా, నా వెనక కూర్చునే ముందు నీకు ఒకటి తెలియాలి. నీ కాలేజీ స్నేహితురాలు నా హాస్టల్ చిరునామాకు ఉత్తరాలు పంపుతోందని చెప్పి, సెలవులకు వచ్చినప్పుడల్లా చదివి వినిపించానే, వాటిలో మొదటి రెండే ఆమెవి. మిగతా తొమ్మిదీ నేను రాసినవి. నువ్వు చెప్పి రాయించిన జవాబులు మాత్రం అన్నీ పోస్టు చేశాను. ఆ రెండో ఉత్తరం తర్వాత ఒక్కదానికీ బదులు రాలేదు. ఉత్తరం వచ్చిందా అని నువ్వు మూడోసారి అడిగినప్పుడు రాలేదని అనలేకపోయాను. ఒకప్పుడు నాలుగు ముక్కలు రాయడానికే బద్ధకించేది, ఇప్పుడెంత బాగా రాస్తోందో చూడవే అని నువ్వు మెచ్చుకున్నావు. ఆ మెప్పుకు లోలోపల పొంగిపోయాను. ఎక్కువ సిగ్గు దానికే.

ఇది విన్నాక నా వెనక కూర్చోనంటే అది న్యాయమే. ఆమె రాయడం ఎందుకు మానేసిందని అడుగుతావు. ఒక కారణం అల్లమంటే ఇప్పుడే అల్లగలను, నమ్మేలాగే వస్తుంది. అల్లను. నాకు తెలియదు, అక్కా.