సాలీడు కాదమ్మా, వైరస్

హఫీజ్‌పేట్,
ఆదివారం

అమ్మకు నీ పద్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాన్న మందులు వేళకు వేసుకుంటున్నారా? ఫోను చేయొచ్చుగా అంటావు. నువ్వు స్పీకరు పెట్టి వీధంతటికీ వినిపిస్తావు, ఇది అందరూ వినేది కాదు. చదివి నీలోనే ఉంచుకో.

కొండాపూర్ ల్యాబులో పని అలవాటైంది. వానలు మొదలయ్యాయి, ఆఫీసులు వదిలే వేళ ఆటో దొరకడం గగనమే. యాదమ్మగారు, అదే మా ఇంటి ఓనరమ్మ, చేసే పచ్చిపులుసు నాకు తెగ నచ్చింది. నీ గోంగూర పచ్చడి మాత్రం అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు.

ఈ నెలంతా హెర్పిస్ వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టే రెండు కిట్లను పోల్చి చూస్తున్నాం. ఒకే రక్తాన్ని రెండింటిలోనూ వేసి చూడాలి. పాతది వైరస్ ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. కొత్తది, పెదవి మీద పొక్కులు తెచ్చే మొదటి రకమా, మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునే రెండో రకమా అని విడదీసి చెబుతుంది.

ఇప్పుడు నా నిర్వాకం విను, తిట్టకు. యాదమ్మగారి కోడలికి నాలుగో నెల. వేరే ఎక్కడో చేయించిన పరీక్షలో హెర్పిస్ పాజిటివ్ అని వచ్చింది. ఆవిడ కాగితం పట్టుకొచ్చి "ఏంది బిడ్డా గిది?" అని అడిగితే, మెట్లు దిగుతూనే "పాజిటివ్ అంటే ఉన్నట్టే పెద్దమ్మా" అనేసి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు ఇల్లుగా లేదు. కొడుకు ఫోనులో ఏదేదో చదివి పెళ్లాన్ని అనరాని మాటలన్నాడు. ఆ పిల్ల బ్యాగు సర్దుకుని మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

కాగితం అప్పుడు చదివాను. అది ఐజీఎం పరీక్ష. తరచూ తప్పు చూపిస్తుంది, రకమూ తేల్చదు. "తప్పు నాది, రెండు రోజులు ఆగండి" అని అందరినీ బతిమాలాను. కోడలిని చూసే డాక్టరమ్మ మొగుడికీ పెళ్లానికీ రకం తేల్చే పరీక్ష రాసింది, రక్తం నేనే తీశాను. "నాది గూడ తియ్యి" అని యాదమ్మగారు చెయ్యి చాపింది. కోడలికి రెండో రకం లేదు, మొదటిదే. కొడుక్కీ అదే, యాదమ్మగారికీ అదే! చిన్నప్పుడు ముద్దులతో, ఎంగిలితో వచ్చేది. కడుపులో బిడ్డకు భయం లేదని డాక్టరమ్మ చెప్పింది.

యాదమ్మగారు కొడుకు మీద విరుచుకుపడింది. "చూసినవా? నీకు నేనే ఇచ్చిన్నేమో. ఇగ నన్ను గూడ ఎల్లగొడతవా?" వాడు తల దించుకుని బ్యాగు లోపల పెట్టాడు. ఆ పిల్ల మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. మంచి పని చేసింది. నిన్న మాత్రం నవ్వింది.

ఇంకో మాట. కిట్ల పోలిక కోసం ల్యాబులో మేమందరం కూడా రక్తం ఇచ్చాం. నాదీ మొదటి రకమే. జ్వరమొచ్చి పెదవి మీద పొక్కులు లేస్తే సాలీడు పాకిందని చందనం రాసేదానివి, గుర్తుందా? నీకూ లేచేవి. సాలీడు కాదమ్మా, నీ ముద్దులే అయ్యుంటాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఊరు కాని ఊళ్లో నీదంటూ ఒకటి నా ఒంట్లోనే ఉంది.

నాన్నకు, అత్తయ్యకు నా నమస్కారాలు. ఎవరు కాగితం తెచ్చినా పూర్తిగా చదివాకే నోరు విప్పేలా నన్ను దీవించు.

నీ కూతురు,
పద్మ